లాల్‌బజార్‌కు దూరంగా ఒక డిటెక్టివ్

1898లో బరోడా సంస్థానంలో కొలువు చేస్తున్న అరవింద ఘోష్‌కు మాతృభాష సరిగా రాదు. ఏడేళ్ల వయసు నుంచి ఇంగ్లండులో పెరిగిన ఆయనకు గ్రీకు, లాటిన్ భాషలు కొట్టినపిండి. బెంగాలీలో నాలుగు మాటలు మాట్లాడాలంటే తడబాటు. ఆయనకు భాష నేర్పడానికి నదియా జిల్లా మెహెర్‌పూర్‌కు చెందిన దీనేంద్రకుమార్ రాయ్ అనే యువ రచయిత బరోడా వెళ్లి, దాదాపు రెండేళ్లు ఆయన ఇంటనే ఉన్నాడు. పదేళ్లు తిరిగేసరికి శిష్యుడు అలీపూర్ బాంబు కేసులో ముద్దాయి. గురువు పేరు మాత్రం వంగదేశపు ఇంటింటికీ వేరొక దారిన చేరింది. ఆయన రాబర్ట్ బ్లేక్ అనే ఆంగ్లేయ డిటెక్టివ్‌ను బెంగాలీలోకి తెచ్చినవాడు.

ఈ బ్లేక్ అసలు పేరు సెక్స్‌టన్ బ్లేక్. 1893 డిసెంబరులో లండన్‌లో ‘హాఫ్‌పెన్నీ మార్వెల్’ అనే చౌక కథల పత్రికలో పుట్టాడు. కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడవేసి చంపినదీ ఆ నెలలోనే. బ్లేక్‌ను తొలుత రాసినవాడు హ్యారీ బ్లైత్, అదీ మారుపేరుతో. పాత్రపై హక్కు రచయితది కాదు, పత్రిక యజమానిది. అందువల్లనే బ్లైత్ 1898లో మరణించినా బ్లేక్ మరణించలేదు. సుమారు రెండు వందల మంది రచయితలు వంతులవారీగా అతన్ని బతికించారు. చాలాకాలం ఆ కథలపై రచయిత పేరైనా అచ్చయ్యేది కాదు.

ఆ యజమాని ఎవరో రాజకీయ పాఠకులు గమనించాలి. ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్. 1896లో ‘డెయిలీ మెయిల్’ స్థాపించి, లార్డ్ నార్త్‌క్లిఫ్‌గా మారి, 1918లో శత్రుదేశాలపై బ్రిటిష్ ప్రభుత్వ ప్రచారానికి సారథ్యం వహించినవాడు. పిల్లలను చెడగొడుతున్న ఒక పెన్నీ నెత్తుటి కథలను తరిమివేస్తానంటూ అర్ధపెన్నీ పత్రికలు పెట్టాడు. అంతకన్నా భయంకరమైన సరుకును సగం ధరకు అమ్మి ఆ మాట నిలబెట్టుకున్నాడని ఎ.ఎ. మిల్న్ ఎగతాళి చేశాడు. 1894లో ఆయన మొదలుపెట్టిన మరో కథల పత్రికే తరువాత బ్లేక్‌కు స్థిరనివాసమైంది. దాని పేరు ‘యూనియన్ జాక్’. మొదటి ప్రపంచయుద్ధంలో బ్లేక్ అందులో జర్మన్ గూఢచారులను వేటాడాడు.

బ్రిటిష్ జెండా పేరు పెట్టుకున్న ఆ పత్రిక కథలను, విదేశీ వస్త్రాలు తగలబెట్టిన కలకత్తా పాఠకులకు, అరవిందుని గురువు అందించాడు! ‘రహస్య లహరి’ గ్రంథమాలలో రెండు వందలకు పైగా పుస్తకాలు వెలువడ్డాయి. సెక్స్‌టన్ రాబర్ట్ అయ్యాడు, అతని శిష్యుడు టింకర్ స్మిత్ అయ్యాడు. లండన్ మాత్రం లండన్‌గానే ఉండిపోయింది.

దీన్ని బానిస మనస్తత్వమని తేల్చివేయడం సులభం. నాకు అలా అనిపించదు. కలకత్తాలో డిటెక్టివ్ అనే మాటకు అప్పటికే ఒక చిరునామా ఉంది. 1868లో నగర పోలీసు డిటెక్టివ్ శాఖ ఏర్పడింది. లాల్‌బజార్ దాని కేంద్రం. అక్కడ 1878 నుంచి 1911 వరకు పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ 1892 నుంచి తన కేసులనే ‘దారోగార్ దప్తర్’ పేరిట నెలనెలా అచ్చువేశాడు, 206 సంచికలు. దొంగ, దొరికిన తీరు, శిక్ష. ప్రభుత్వ కథనమే కథ. (నేటి మన నేరవార్తల్లో సగం పోలీసుల ప్రకటనల నకళ్లే కదా!) 1905 బెంగాల్ విభజన తరువాత ఆ డిటెక్టివ్ దొంగలను వదిలి దేశభక్తుల వెంట పడ్డాడు. 1908 మేలో మాణిక్‌తలా తోటపై దాడి జరిగింది. 1910 జనవరిలో అలీపూర్ కేసులో ముఖ్యపాత్ర వహించిన పోలీసు అధికారి షంసుల్ ఆలంను హైకోర్టు ఆవరణలోనే కాల్చి చంపారు. బెంగాలీలో డిటెక్టివ్‌కు ‘టిక్‌టికి’ అని వెటకారపు పేరు. అంటే గోడమీది బల్లి.

అటువంటి ఊరిలో పోలీసు పక్షాన నిలిచే స్వదేశీ డిటెక్టివ్‌ను ప్రేమించడం కష్టం. బేకర్ స్ట్రీట్‌లో ఉండే బ్లేక్‌తో ఆ చిక్కు లేదు. అతను పట్టుకునేది లండన్ దొంగలను. మన కుర్రవాళ్లను కాదు. పాఠకుడు అపరాధభావం లేకుండా అతనితో పరుగెత్తవచ్చు. దీనేంద్రకుమార్ ఇంత ఆలోచించే ఆ పని చేశాడని నేను అనను. కూడు పెట్టే కథలు కనుక రాసి ఉండవచ్చు. అయితే రెండు వందల పుస్తకాలు రాసినవాడి అవసరమొక్కటే వాటిని అమ్మించలేదు.

ప్రభుత్వానికీ ఆ కథలతో పేచీ లేదు. పేచీ వచ్చింది శరత్‌బాబు ‘పథేర్ దాబీ’తో. 1926లో పుస్తకంగా వచ్చింది, 1927 జనవరిలో నిషేధానికి గురయింది. అందులోనూ వేట ఉంది, మారువేషం ఉంది. కానీ రంగూన్‌లో పోలీసుల కళ్లుగప్పి సవ్యసాచి తప్పించుకుంటుంటే పాఠకుడు ఊపిరి బిగబట్టేది అతని కోసం.

1932లో శరదిందు బందోపాధ్యాయ్ బ్యోమకేశ్ బక్షీని సృష్టించాడు. ధోవతి కట్టి, హారిసన్ రోడ్డులో అద్దె ఇంట్లో ఉండే అచ్చమైన బెంగాలీ. అతనికి డిటెక్టివ్ అన్న మాట గిట్టదు, ‘గోయెందా’ అన్న మాట అసలే గిట్టదు. తలుపు మీది ఫలకంపై ‘సత్యాన్వేషి’ అని రాయించుకున్నాడు. ఆ ఒక్క మాట దొరికేదాకా కలకత్తాకు సొంత డిటెక్టివ్ దొరకలేదని నా అభిప్రాయం.

మనకు డిటెక్టివ్ నవల బెంగాల్ దారినే వచ్చింది, పాంచ్‌కడీ దే అనువాదాలతో. స్వాతంత్ర్యం తరువాత కొమ్మూరి సాంబశివరావు మద్రాసు నగరంలో తెలుగు డిటెక్టివ్‌ను నిలిపి, ‘ప్రతాపరుద్రీయం’ నాటకంలో రాజును విడిపించడానికి పిచ్చివాడి వేషం కట్టిన మహామంత్రి పేరు పెట్టాడు: యుగంధర్. అతనికి పోలీసులంటే వెగటు లేదు, అవసరమైతే వారినే పిలుస్తాడు. ఆ నవలల్లోని ఇన్‌స్పెక్టర్ పేరు స్వరాజ్యరావు.