నక్కవాగు పారిన మడి

మోటారు వేయగానే కాలువ నురగ కట్టింది. పైన జిడ్డు తెట్టు, కింద గోధుమరంగు నీళ్లు. పాలకూర కోస్తున్న కోడలు మడిలోంచి గట్టు మీదికి వచ్చి పాదాలు రుద్దుకుంది.

“అత్తమ్మా, కాళ్లు మండుతున్నయే. గీ నీళ్లు పెట్టకుంటే కాదా?”

“బాయిల నీళ్లు గూడ గట్లనే ఉన్నయి బిడ్డా. తడి పెట్టకపోతే రేపటికి ఆకు వాడుతది. సంతకు ఏం దీస్కపోదాం?”

ఈ అత్తాకోడళ్లు కల్పితం. వాళ్ల కష్టం కల్పితం కాదు.

1970లలో అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో పారిశ్రామికవాడలు వెలిశాయి. మందులు, రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీలు వరుసకట్టాయి. వాటి మురుగు వాగుల్లోకి, చెరువుల్లోకి చేరింది. మంజీరలో కలిసే నక్కవాగు రంగు మారింది. సుల్తాన్‌పూర్, గండిగూడెం, కిష్టారెడ్డిపేట, పోచారం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్లలో రైతు గోడు మొదలైంది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగులకు మందులు రాసి ఊరుకోలేదు. పల్లెలను కూడగట్టి పోరాటానికి దిగారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు పరిహారం కట్టాలని పరిశ్రమలకు ఆదేశాలు వచ్చాయి. 2001లో కేసు హైకోర్టుకు బదిలీ అయింది.

పరిహారం పోయిన పంటకే. మట్టిలో చేరిన విషం మాత్రం మట్టిలోనే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి నేలను పరీక్షించి, సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ వంటివి ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయని 2001లో ప్రకటించారు.

మొక్కకు మంచీ చెడూ తెలియదు. వేరు నీటితో పాటు లోహాన్నీ పీల్చుకుంటుంది. కాడ్మియం ఆకుల్లోకి తేలిగ్గా ఎక్కుతుంది కాబట్టి పాలకూర, తోటకూరలకు ముప్పు ఎక్కువ. ఆకు పచ్చగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. పైనున్న మట్టి, క్రిములు ఉప్పునీళ్లలో కడిగితే చాలావరకు పోతాయి. కణాల్లో కూర్చున్న లోహం కడిగినా పోదు, ఉడికించినా పోదు. ఏళ్ల తరబడి తింటే కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీస్తుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను కుంగదీస్తుంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు మరో సంగతి బయటపెట్టారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. శుద్ధి అయిన తర్వాతి లెక్క ఇది! అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన బ్యాక్టీరియా మందులకు లొంగదు. అది పొలానికీ, అక్కడి నుంచి మన వంటింటికీ చేరగలదు.

గోదావరిఖనిలో కూర్చుని చదువుతున్నవారికి ఇది ఎక్కడో జరిగిన కథ అనిపించవచ్చు. జపాన్‌లో జింజూ నది కథ వినండి. ఎగువన కమియోకా గని, దిగువన వరి మళ్లు. గని వదిలిన కాడ్మియం నీటితో మడిలోకి, మడి నుంచి అన్నంలోకి చేరింది. ఎముకలు పెళుసై, కదిలితే విరిగి, జనం “ఇటాయ్ ఇటాయ్” అంటే “నొప్పి, నొప్పి” అని అరిచేవారు. రోగం పేరే అదైంది. 1968లో అక్కడి ప్రభుత్వం దానికి మూలం కాలుష్యమేనని ఒప్పుకుంది.

మన దగ్గర సింగరేణి గనులున్నాయి, 2,600 మెగావాట్ల రామగుండం థర్మల్ కేంద్రం ఉంది, ఎరువుల కర్మాగారం ఉంది, పట్టణ మురుగు ఉంది, పక్కనే గోదావరి ఉంది. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, పాదరసం వంటివి స్వల్పంగానైనా ఉంటాయి. ఇక్కడి కూరలన్నీ విషమని నేననడం లేదు. ఏ కాలువ నీళ్లు మంచివో, ఏవి కావో పరీక్షించి చెప్పమంటున్నాను. గని నీరు, బూడిద చెరువుల ఊట, పక్క పొలాల మట్టి, అక్కడ పండే ఆకుకూర: ఈ నాలుగింటినీ ఏటా వానలకు ముందు, తర్వాత పరీక్షించాలి. ఫలితాలు తెలుగులో గ్రామపంచాయతీ గోడ మీద, కూరగాయల మార్కెట్‌లో అంటించాలి. నీళ్లు చెడ్డవని తేలితే రైతును తప్పుపట్టి చేతులు దులుపుకోవద్దు. మంచినీళ్లు ఇవ్వాలి, ఇచ్చేదాకా నష్టం భరించాలి. ఖర్చు మురుగు వదిలినవారిదే.

పటాన్‌చెరు రైతు నేల చెడ్డాక కోర్టు మెట్లెక్కాడు. రామగుండం రైతుకు ఆ గతి పట్టకముందే పరీక్షలు మొదలవ్వాలి.