కంటిలో పెట్టే కళ్ళద్దం



కంట్లో నలుసు పడిందంటే మనకు కాలూ చెయ్యీ ఆడదు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, కొంగు కంటికి అద్దుకుంటూ "కాస్త ఊదవే తల్లీ" అని పిల్లల్ని పిలుస్తాం. రవ్వంత నలుసును ఓర్చుకోలేని కన్ను, కందిబద్దంత అద్దాన్ని లోపల పెట్టుకుని ఏళ్ళ తరబడి హాయిగా ఉంటుందంటే వింతగా లేదూ! శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న మన అత్తగార్ల కళ్ళలో ఇవాళ ఉన్నది అదే. డాక్టరుగారు పెట్టారు, సరే. మరి ఆయన చేతికి ఆ అద్దం ఎవరు అందించారు? ఈవేళ ఆ కథ చెప్పుకుందాం.

ముందు పాతరోజులు గుర్తుచేసుకోండి. కంటిలో పుట్టుకతో ఉండే కటకం మసకబారడమే శుక్లం. ఆపరేషన్ చేసి ఆ కటకాన్ని తీసేసేవారు. తీసిన చోట ఖాళీయే! ఆ లోటు పూడ్చడానికి సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చేవారు. వాటిలోంచి చూస్తే ప్రతి వస్తువూ నూటికి పాతిక వంతులు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. పక్కన ఏముందో సరిగా తెలియదు. అందుకే ముసలమ్మలు మజ్జిగ గ్లాసు అందుకోబోయి దానికి ఇవతలే చెయ్యి చాపేవారు. గడప దాటాలంటే కాలితో తడుముకునేవారు. ఆ కళ్ళజోడు కాస్తా పగిలిందా, మళ్ళీ చీకటే.

ఈ బాధ తీర్చాలని తలపెట్టినవాడు లండన్ కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచయుద్ధంలో, 1940లో, గోర్డన్ క్లీవర్ అనే పైలట్ విమానానికి తూటాలు తగిలాయి. పైలట్ తల మీద ఉండే పారదర్శకమైన కప్పు పగిలి, ముక్కలు అతని కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ కప్పు గాజు కాదు, పెర్‌స్పెక్స్ అనే ఒక రకం ప్లాస్టిక్. అది లోపలే ఉండిపోయినా కన్ను దాన్ని ఏమీ అనలేదు, ఎర్రబడలేదు. రిడ్లీ అది గమనించి మనసులో పెట్టుకున్నాడు. తరువాత 1948లో, ఆయన శుక్లం తీస్తుండగా చూస్తున్న ఒక విద్యార్థి, తీసినదానికి బదులు ఇంకొకటి పెట్టరా అని అడిగాడట. చిన్నవాళ్ళ ప్రశ్నలు ఒక్కోసారి పెద్దవాళ్ళను కదిలిస్తాయి చూశారా!

ఆలోచన ఉంది, చెయ్యి తిరిగిన డాక్టరు ఉన్నాడు. కాని అద్దం ఏదీ? ఎంత గొప్ప వంటమనిషైనా కొట్టువాడు పుచ్చుపప్పు పంపితే ఏం చేస్తుంది చెప్పండి? రిడ్లీ రేనర్ అనే కళ్ళద్దాల కంపెనీలో పనిచేసే జాన్ పైక్‌ను పిలిచాడు. ఇద్దరూ లండన్‌లోని కావెండిష్ స్క్వేర్‌లో, ఆగి ఉన్న కారులో కూర్చుని మాట్లాడుకున్నారు. పైక్ ఐ.సి.ఐ. కంపెనీ వాళ్ళను అడిగి, కల్తీ లేని పెర్‌స్పెక్స్‌ను ప్రత్యేకంగా చేయించాడు. రేనర్ వాళ్ళు లాభం వద్దన్నారు, రిడ్లీ కూడా తన వాటా అడగలేదు.

1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో 45 ఏళ్ళ స్త్రీకి రిడ్లీ ఆ అద్దం అమర్చి చూశాడు. 1950 ఫిబ్రవరిలో దాన్ని ఆమె కంటిలో స్థిరంగా ఉంచేశాడు. మొదటిసారే అంతా సవ్యంగా జరిగిందనుకునేరు! అద్దం పవరు బాగా ఎక్కువైపోయింది, ఆమెకు దూరపు చూపు ఆనలేదు. రిడ్లీ, పైక్ మళ్ళీ కూర్చుని లెక్కలు సరిచేసి తరువాతి అద్దాలు చేయించారు. తప్పు నీదంటే నీదని వాదించుకుని ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. 1951లో ఆక్స్‌ఫర్డ్ సభలో రిడ్లీ ఈ సంగతి బయటపెడితే పెద్దపెద్ద డాక్టర్లే మండిపడ్డారు. ఏళ్ళు గడిచాకగాని లోకం ఒప్పుకోలేదు. ముసలితనంలో రిడ్లీ తన రెండు కళ్ళలోనూ అలాంటి అద్దాలే పెట్టించుకున్నాడు. 2000లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది, మరుసటి ఏడు కన్నుమూశాడు.

ఇక మన దేశం సంగతి. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరై, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. కీళ్ళవాతంతో వంకరలు పోయిన వేళ్ళతోనే వేలాది ఆపరేషన్లు చేసిన మనిషి ఆయన. లోపల పెట్టే అద్దాలు పైదేశాల నుంచి రావాలి, ఒక్కొక్కటి సుమారు వంద డాలర్లు. కాబట్టి డబ్బున్నవాళ్ళకు లోపలి అద్దం, బీదవాళ్ళకు సోడాబుడ్డి. ఒకే ఆసుపత్రిలో, ఒకే డాక్టరు చేతి మీదుగా రెండు రకాల చూపులు! దాతలు పంపే అద్దాలు ఎంతమందికి సరిపోతాయి? ఇలాంటి ఖరీదైనవి బీదదేశాలకు దేనికన్నవాళ్ళూ ఉన్నారు.

ఆయన ఆ మాట ఒప్పుకోలేదు. డేవిడ్ గ్రీన్ అనే అమెరికన్ మిత్రుడి సాయంతో, 1992లో మదురైలోనే అరోల్యాబ్ అనే తయారీశాల మొదలైంది. అద్దం ఖరీదు పది డాలర్ల ప్రాంతానికి దిగింది, తరువాత ఇంకా తగ్గింది. ఇవాళ అక్కడి అద్దాలు వందకు పైగా దేశాలకు వెళ్తున్నాయి. సరుకు ఇచ్చేవాడు దూరంగా ఉండి ధర చెబుతుంటే బీదవాడి కన్ను ఎప్పటికీ క్యూలో ఆఖరునే ఉంటుందని, ఆ పెద్దాయన అనుభవం మీద తెలుసుకున్నారన్నమాట.

చివరగా ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ ఆపరేషన్ జరిగితే, అద్దం డబ్బాలో వచ్చే చిన్న చీటీని అడగండి. దాని మీద కంపెనీ పేరు, పవరు, నంబరు ఉంటాయి. ఒకటి ఆసుపత్రి కాగితానికి అంటిస్తారు, ఇంకొకటి మన కార్డుకు అంటించి ఇస్తారు. ఇవ్వకపోతే మొహమాటపడకుండా అడగండి. రేపు వేరే ఊళ్ళో వేరే డాక్టరు చూడాల్సి వస్తే ఆ చీటీయే ఆధారం. బంగారం కొన్న రసీదు దాచుకుంటాం కదా, కంటి రసీదు అంతకంటే విలువైనది కాదూ?

ఆ చీటీ చూసినప్పుడల్లా డాక్టరుగారికి ఒక నమస్కారం పెట్టండి. ఎక్కడో బల్ల ముందు కూర్చుని కందిబద్దంత అద్దాన్ని అరిగించి, కడిగి, పరీక్షించి పంపిన పేరు తెలియని చేతులకూ ఇంకొకటి పెట్టండి. సెలవు.