బాటసారి బస: సత్రముల పోషణ, యాజమాన్యము

ఇల్లు కట్టి ఏడాదికి అద్దెకిచ్చుట ఒక పని. ఊరు పేరు తెలియని బాటసారికి ఒక రాత్రికో మూడు రాత్రులకో ఇచ్చుట వేరొక పని. మొదటిదానిలో గోడలు నిలిచి, అద్దె అందిన చాలును. రెండవదానిలో ప్రతి ఉదయమును ఎవరో ఒకరు గది ఊడ్వవలెను, నీరు తోడవలెను, సాయంకాలము దీపము పెట్టవలెను, వచ్చినవారెవరో పోయినవారెవరో గుర్తుంచుకొనవలెను. కట్టుట ఒకనాటి వ్యయము, నడుపుట నిత్యవ్యయము. ఈ భేదమును మన పూర్వులు బాగుగా ఎరిగియుండిరి. అందుచేతనే సత్రము కట్టించిన దాత భవనముతో తృప్తి చెందక, దాని పోషణకు మాన్యము కూడ వ్రాసియిచ్చుచుండెను. సత్రముల చరిత్ర చాలవరకు ఆ మాన్యముల చరిత్రయే.

ఇందుకు ఆంధ్రదేశమున గొప్ప నిదర్శనము గుంటూరు సీమలో కృష్ణకు దక్షిణపు గట్టుననున్న మల్కాపురము. అచ్చటి 1261వ సంవత్సరపు శిలాశాసనము కాకతి రుద్రమదేవి కాలమునాటిది. గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునకు మందడము, వెలగపూడి గ్రామములు దానముగా లభించినవి. ఆయన అచ్చట ఆలయమును, మఠమును, విద్యాశాలను, అన్నసత్రమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను నెలకొల్పెను. మనము గమనింపవలసినది ఆ సంస్థల సంఖ్యను కాదు, వాటికి జరిగిన ఏర్పాటును. భూమిని భాగములుగా విభజించి, ఒక భాగము దేవునకు, ఒక భాగము మఠమునకును విద్యార్థుల భోజనమునకును, మరియొక భాగము ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రములకు నిర్ణయించిరి. వంటవారిని, గ్రామరక్షకులను, వృత్తిపనివారలను కూడ శాసనము పేర్కొన్నది. ఆకలితో వచ్చినవారికి జాతిభేదము లేక అన్నము పెట్టవలెనని నియమించినది. ఏ రాబడి ఏ ఖర్చునకో ముందే రాతిమీద చెక్కించుటకంటె మంచి లెక్క వేరేమున్నది?

గోలకొండ సుల్తానుల కాలమున హైదరాబాదు నుండి మచిలీబందరునకు పోవు బాట వర్తకమునకు జీవనాడి వంటిది. ఆ బాటమీద హయాత్‌నగరమున హయాత్ బక్షీ బేగము పేరిట వెలసిన మసీదు చుట్టును సరాయి గదులు నేటికిని కానవచ్చుచున్నవి. సరుకుతో వచ్చు వర్తకునకు కావలసినది నిద్రించుటకు చోటు మాత్రమే కాదు. ఎడ్లకు నీరు, మూటలకు కాపలా, రాత్రి మూయదగిన తలుపు. ఇవి లేనిచో బాట ఎంత మంచిదైనను వర్తకము సాగదు.

బసలు నిజముగా ఎట్లుండెనో తెలిసికొనుటకు మనకు లభించిన మేలైన సాక్ష్యము ఏనుగుల వీరాస్వామయ్యగారిది. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాషీగా నుండిన ఆయన 1830 మే నెలలో దాదాపు నూరుగురు పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. మజిలీ తరువాత మజిలీగా దిగుటకు చోటున్నదా, నీళ్లు మంచివా, అంగళ్లున్నవా, కావలసిన పదార్థములు దొరకునా అని ఆయన వ్రాసికొనుచు పోయెను. తన వెనుక వచ్చు యాత్రికునకు పనికివచ్చు వివరములే అవి. నేడు బస చేసినవారు వ్రాయు మంచిచెడ్డలకు ఇది తాతవంటిది.

మాన్యము ఎంత పెద్దదో అంత చోరభయము. తంజావూరు రాజ్యము 1799లో కుంపిణీ చేతిలోనికి పోయినపుడు శరభోజి మహారాజు తన పూర్వుల సత్రముల గ్రామములకు ఏమగునోయని దిగులుపడెను. రామేశ్వరము పోవు బాటపై వెలసిన ఆ సత్రములలో బాటసారికి అన్నము, రోగికి వైద్యుడు, మందు, దిక్కులేక చనిపోయినవానికి అంత్యక్రియ ఏర్పాటైయుండెను. వాటిని కాపాడవలెనని ఆయన 1801లో ఇంగ్లీషు రెసిడెంటుకు లేఖ వ్రాసెను. రాజ్యము చేజారినను సత్రము నిలువవలెనని కోరిన రాజు మనస్సు తలచుకొనదగినది.

ఆ భయము నిరాధారము కాదు. 1817లో చెన్నరాజధాని ప్రభుత్వము 7వ రెగ్యులేషనును చేసెను. దేవాలయములు, మసీదులు, వంతెనలు, సత్రములు మొదలగువాటికిచ్చిన భూముల రాబడి దాతల ఉద్దేశమునకు విరుద్ధముగా ఖర్చగుచున్నదని దాని పీఠికయే చెప్పుచున్నది. పర్యవేక్షణ రెవెన్యూ బోర్డునకు అప్పగింపబడెను. తరువాత స్థానిక బోర్డులు ఏర్పడినపుడు పలు సత్రముల యాజమాన్యము వాటికి చేరెను. దాత సదుద్దేశము ఒక తరమునకు చాలును. ఆ పిమ్మట ధర్మకర్త యోగ్యతయు, లెక్కలు చూచు కన్నును కావలెను. ఇవి రెండును లేనిచోట సత్రపు మాన్యము ధర్మకర్త ఇంటి మాన్యమయ్యెను, సత్రపు కప్పు కురియసాగెను.

1867 నాటి సరాయిల చట్టము మరియొక మెట్టు. సరాయి నడుపువాడు దానిని ప్రభుత్వమున నమోదు చేయించుకొనవలెను. గదులను, నీటివసతిని శుభ్రముగా నుంచవలెను. శిథిలమైన భాగమును బాగుచేయింపవలెను. కావలివారిని పెట్టవలెను. తీసికొను రుసుముల పట్టికను అందరికిని కనబడునట్లు వ్రేలాడదీయవలెను. నూటయేబది సంవత్సరములకు పూర్వమే ఈ అయిదు నియమములు ఏర్పడినవి. నేటి వసతిగృహముల నియమములలో వీనికి మించినది స్వల్పము.

అంతలో పొగబండి వచ్చినది. నెలల ప్రయాణము దినములలోనికి దిగినది. బాటప్రక్క సత్రములు వెలవెలబోగా, స్టేషనుల ఎదుట క్రొత్తవి వెలసినవి. మధురలో రైలు స్టేషనునకు ఎదురుగా రాణి మంగమ్మ పేరిట నున్న సత్రము నాటి నాయకరాజుల తెలుగు రాణిని నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. అయితే పుణ్యమునకు కట్టినదాని సరసనే పైకమునకు కట్టిన లాడ్జీలును లేచినవి. మూడు దినములు ఉచితమన్న పాత మర్యాదకు బదులు దినమునకింత అను బోర్డు వచ్చినది.

ధర్మమునకు, వ్యాపారమునకు నడుమ ఒక మార్గమును తిరుమల చూపినది. 1933లో దేవస్థానముల పరిపాలన క్రొత్త చట్టము క్రింద ఏర్పడినది. 1944లో మొదటి కనుమరోడ్డు తెరచుటతో కొండపై బస చేయువారి సంఖ్య పెరిగినది. దాత కుటీరమునకు ధనమిచ్చును, యాజమాన్యము దేవస్థానమునది. దాతకు సంవత్సరమున కొన్ని దినములు బస హక్కు. తక్కిన దినములలో అది యాత్రికులది. ధనము పెట్టిన చేయి, తాళపుచెవి పట్టిన చేయి వేరువేరుగా నుండుటయే ఇందలి కీలకము.

2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె చెల్లింపలేని ఇద్దరు యువకులు, సభకు వచ్చిన పరులకు తమ గదిలో గాలిపరుపులు వేసి అద్దెకిచ్చిరి. ఎయిర్‌బీఎన్‌బీ అను సంస్థకు అది నాంది. నేడు తన నివాసముననే గాక, కేవలము రాత్రుల లెక్కన ఇచ్చుటకే ఇండ్లు కొనువారు దేశదేశముల నున్నారు. ఇచ్చట పాత సత్రము ఎదుర్కొనని ప్రశ్న యొకటి పుట్టినది. సత్రము ఊరివారి ఇంటిని తీసికొనలేదు, ఇది తీసికొనుచున్నది. అందుచేతనే న్యూయార్కు నగరము 2023 నుండి, ముప్పది దినములకు లోపు బసకు ఇంటివారు కూడ ఆ ఇంటనే ఉండవలెనని, పేరు నమోదు చేయించుకొనవలెనని నిర్బంధించినది. బార్సిలోనా నగరపాలకులు పర్యాటకుల ఇండ్ల అనుమతులను 2028 తరువాత కొనసాగింపబోమని 2024లో ప్రకటించిరి. మన కేంద్రప్రభుత్వపు గృహాతిథ్య పథకము కూడ యజమాని కుటుంబముతో ఆ ఇంటనే నివసింపవలెనని కోరుచున్నది.

ఈ వ్యాపారమున ధనము పెట్టదలచువారికి పై చరిత్ర చెప్పునది తేటయే. కొన్న వెలతోపాటు మరమ్మతుకును, మనుష్యులకును వేరుగా నిధి ఉంచనివాడు పది సంవత్సరములలో కురియు కప్పును, కోపించిన అతిథిని చూచును. దూరమునుండి తాళము తెరచుట యంత్రమునకు సాధ్యమే. అర్ధరాత్రి జ్వరము వచ్చినవానికి వైద్యుని పిలుచుట మనిషి పని. ఇక ఇరుగుపొరుగువారిని లెక్కలో చేర్చుకొనని ఇంటికి, పట్టికలో ఎంత రాబడి కనబడినను, ఆ రాబడి ఎంతకాలము నిలుచునో ఆ వీధివారే నిర్ణయింతురు.