తీగ వెంట వచ్చిన వినోదం

మా ఇంటిలో ఈ మధ్య ఒక వివాదం బయలుదేరినది. కేబుల్ కనెక్షన్ తీసివేయించి, ఆ డబ్బుతో ఇంటర్నెట్ ద్వారా వచ్చే స్ట్రీమింగ్ సర్వీసులకు చందా కట్టుదామని మా అబ్బాయి వాదన. ఉదయం ఆరు గంటలకు ప్రవచనం, రాత్రి తొమ్మిదింటికి వార్తలు వేళ తప్పక తన మంచం ఎదుటికి రావలెనని మా అమ్మగారి పట్టుదల. "నాకు కావలసినప్పుడు చూస్తాను" అని మనుమడు, "వచ్చే వేళకు చూస్తాను" అని నాయనమ్మ. తీర్పు చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పడానికి ముందు కొంచెం చరిత్ర తిరగవేసి చూచినాను. ఈ తగాదా మా ఇంట పుట్టినది కాదనీ, దీని వయస్సు నూట ముప్పది ఏండ్లకు పైమాటేననీ అప్పుడు తెలిసినది.

రేడియో పుట్టకముందే తీగ వెంట ఇండ్లకు సంగీతం వచ్చినదంటే శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. 1881లో పారిస్ నగరంలో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ అడేర్ అనే ఇంజనీరు ఆపెరా రంగస్థలం మీద టెలిఫోన్ గ్రాహకాలు అమర్చినాడు. ప్రదర్శనశాలలో ఉన్నవారు రెండు చెవులకూ గొట్టాలు ఆనించుకొని, దూరాన పాడుతున్నవారి పాట విన్నారు. 1890 నాటికి ఇది ఒక వ్యాపారమై, చందాదారులు ఇంటి నుండే ఫలానా నాటకశాల కావలెనని కోరుకొనే ఏర్పాటు వచ్చినది. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ కూడా ఈ చందాదారులలో ఒకడు. జబ్బు మనిషికి మంచం మీదికే ఆపెరా వస్తే కాదనునా?

బుడాపెస్ట్‌లో ఇందుకు భిన్నమైన పద్ధతి ఏర్పడినది. 1893 ఫిబ్రవరిలో తివదార్ పుష్కాష్ అనే హంగేరీ దేశీయుడు "టెలిఫోన్ హిర్‌మొండో" అనే సంస్థను నెలకొల్పినాడు. టెలిఫోన్ ద్వారా వార్తలు చెప్పేవాడని ఆ పేరుకు అర్థం. ఇక్కడ చందాదారు దేనినీ కోరుకోనక్కరలేదు. ఇన్ని గంటలకు వార్తలు, ఇన్ని గంటలకు బజారు ధరలు, సాయంకాలం ఆపెరా అని ముందుగానే నిర్ణయమై ఉండేది. ముఖ్యమైన వార్త వస్తే ఒక బూర మ్రోగి ఇంటిల్లిపాదినీ పిలిచేది. ఈ పత్రికలో మీరు వారం వారం చూచుకొనే కార్యక్రమ పట్టికకు అది పెద్దక్క. పుష్కాష్ సంస్థను ప్రారంభించిన నెలకే కన్నుమూసినాడు. సంస్థ మాత్రం 1925 తరువాత రేడియోతో కలిసి 1944 వరకు సాగినది. పారిస్ సంస్థ 1932లో మూతపడినది.

ఒకచోట వినేవాని కోరిక, మరొకచోట పంపేవాని వేళ. మా ఇంటి ఇరు పక్షాలూ అప్పటికే సిద్ధంగా ఉన్నవి. వేళ పెట్టినవాడు ఎక్కువ కాలం నిలిచినాడు గదా అని మా అమ్మగారి పక్షాన తీర్పు చెప్పబోయినాను గాని, ఆ కథ అక్కడితో ఆగలేదు.

1925లో ఇంగ్లండులో, సౌతాంప్టన్ దాపున హైత్ అనే ఊరిలో ఒక వ్యాపారి తన రేడియోలో వచ్చేదానిని తీగల ద్వారా ఇరుగుపొరుగు ఇండ్లకు పంపినాడు. రేడియో కొనలేనివారు వారానికి కొద్దిపాటి రుసుము చెల్లిస్తే చాలును, ఇంటిలో ఒక స్పీకరు పెట్టుకొనవచ్చును. ఈ "రిలే" సంస్థలు వేగంగా పెరిగినవి. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, ఆదివారాలలో బి.బి.సి. గంభీరమైన కార్యక్రమాలు ప్రసారం చేస్తూ ఉండగా, రిలేవారు లక్సెంబర్గ్ నుండి వచ్చే తేలిక సంగీతాన్ని తీగలోనికి వదిలేవారు. జనం దానినే విన్నారు. ఇది బి.బి.సి.కి రుచించలేదు. రిలే సంస్థలను తపాలాశాఖ స్వాధీనం చేసుకోవలెనని 1936లో ఒక ప్రభుత్వ సంఘం సిఫారసు కూడా చేసినది. ప్రభుత్వం ఆ పని చేయలేదు. నా మట్టుకు ఇక్కడ గమనింపదగినది ఒకటే: తీగ ఎవరి చేతిలో ఉన్నదో ఇంటిలో ఏమి వినపడవలెనో వాడే నిర్ణయిస్తాడు, కార్యక్రమం తయారుచేసినవాడు కాదు.

అమెరికాలో కేబుల్ టెలివిజన్ కొండల చాటున పుట్టినది. 1948లో ఆరెగాన్ రాష్ట్రంలోని ఆస్టోరియా, పెన్సిల్వేనియాలోని మహనాయ్ సిటీ వంటి చోట్ల తరంగాలకు కొండలు అడ్డమైనందున, ఎత్తున ఏరియల్ నిలిపి అక్కడనుండి తీగ లాగినారు.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైనది. 1975-76లో ఉపగ్రహం ద్వారా సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు పంపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నవి. ఆ రోజులలో కప్పు మీద ఏరియల్ ఉంటే చాలును, బొమ్మ గాలిలో వచ్చేది. లైసెన్సు రుసుము మాత్రం రేడియోకు వలెనే తపాలా కచేరీలో కట్టవలసి ఉండేది. అది 1980ల నడుమ రద్దయినది.

ఆ దశకంలోనే వీధులలో తీగ ప్రత్యక్షమైనది. ఒక గదిలో వీడియో యంత్రం పెట్టి, చుట్టుపట్ల ఇండ్లకు సినిమాలు పంపడంతో మొదలు. 1991లో గల్ఫ్ యుద్ధం జరుగుతూ ఉండగానే చూపిన విదేశీ చానెల్, ఆ ఏడే వచ్చిన స్టార్ టి.వి., 1992లో వచ్చిన జీ టి.వి. వీధి వీధికి డిష్ ఎత్తించినవి. 1995లో జెమిని, ఈటీవీ రావడంతో తెలుగువారికీ కేబుల్ నిత్యావసరమైనది. మా ఊరిలో తీగ కరెంటు స్తంభాల మీదుగా, పెరటి కొబ్బరిచెట్ల మీదుగా, ఒక్కొక్కచోట బట్టలారవేసే దండెం మీదుగా కూడా సాగినది. నెల మొదట్లో డబ్బులకు వచ్చే కుర్రవానితో ఇంటి ఆడవారు ఫలానా చానెల్‌లో బొమ్మ సరిగా లేదని నిలదీసేవారు, సాయంకాలానికి బాగయ్యేది. ఇంటర్నెట్ మీద ఫిర్యాదు వ్రాసుకొనే నేటి రోజులలో ఆ నిలదీత విలువ నాకు తెలిసివస్తున్నది. 1995లో కేబుల్ చట్టం వచ్చి, ఆపరేటర్లు ప్రధాన తపాలా కార్యాలయంలో పేరు నమోదు చేసుకొనవలెనన్నది. ఒకనాడు రేడియోకు లైసెన్సు ఇచ్చిన తపాలాశాఖకే మరల ఈ పని!

తరువాత సెట్‌టాప్ బాక్సులు వచ్చినవి. 2019లో ట్రాయ్ నిబంధనలు అమలై, నూరు ఉచిత చానెళ్లకు పన్నులు కాక 130 రూపాయలకు మించరాదనీ, తక్కినవి ఎవరికి కావలసినవి వారు ఏరుకొనవచ్చుననీ చెప్పినవి. ఏరుకొనే హక్కు వచ్చినది గాని వందల పేర్ల నుండి ఏరడం ఎవరి తరం? మా వీధిలో చాలమంది ఆపరేటరు చెప్పిన ప్యాకేజీకే తల ఊపినారు.

స్ట్రీమింగ్ మన దేశంలో 2015 నుండి ఊపందుకొన్నది. ఆ ఏడు హాట్‌స్టార్, 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్, 2020లో అప్పటికి తెలుగుకే ప్రత్యేకమై ఉండిన ఆహా వచ్చినవి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర పడిపోవడం దీనికి దారి తీసినది. ప్రసారంలో ఒకే తరంగాన్ని ఒకరు అందుకొన్నా లక్షమంది అందుకొన్నా ఖర్చు ఒకటే. స్ట్రీమింగులో అట్లు కాదు. ప్రతివానికి వేరువేరుగా ధార రావలెను, హెచ్.డి. బొమ్మ గంటసేపు చూస్తే సుమారు మూడు జి.బి. ఖర్చు. పైగా మనం ఏది చూచినదీ, ఏది సగంలో మానినదీ పంపేవానికి తెలుస్తుంది. వెనుకటి కేబుల్ కుర్రవానికి మన ఇంట టి.వి. వెలిగినదో లేదో కూడా తెలియదు.

అయితే అబ్బాయి పక్షాన కూడా బలమున్నది. పరీక్షల నాడు ఆగి, సెలవులలో చూచుకొనే స్వేచ్ఛ కేబుల్ ఇవ్వలేదు. వద్దన్న నెల చందా మానుకొనవచ్చును. కాని సర్వీసులు మూడు చేరితే కేబుల్ బిల్లును దాటుతుంది. అమ్మగారికి చూపు మందగించినది. రిమోట్ మీద రెండంకెలు నొక్కగలరు గాని, అక్షరం అక్షరం వెదకి కార్యక్రమం పేరు కూర్చలేరు. కేబుల్ తీసివేస్తే ఆమెకు పోయేది వినోదం ఒక్కటే కాదు, ఎవరినీ పిలువకుండ తన పని తాను చేసుకొనే వీలు కూడా.

ఈ రెండింటి నడుమ గోడ కూడా చెరిగిపోతున్నది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదట నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టి.వి. చానెళ్లు, టెలిఫోన్ మూడింటినీ ఒకే తీగలో ఇచ్చినది. తీగ ఒకటే అయినప్పుడు తగవు తీగ గురించి కాదు, వేళ ఎవరు పెట్టవలెనన్నదాని గురించే.

మా ఇంటిలో కేబుల్‌ను చిన్న ప్యాకేజీతో అమ్మగారి గదిలో ఉంచినాము. స్ట్రీమింగ్ ఒకేసారి ఒక్కటి మాత్రమే. ఏ నెలకు ఏదో అబ్బాయి నిర్ణయించుకొంటాడు. వంటింటి అలమరలో ఉన్న రేడియో ప్రస్తావన ఎవరూ తేలేదు. దానికి తీగ లేదు, చందా లేదు. ప్రవచనం కన్న అరగంట ముందే అది పలుకుతున్నది.