లోధ్రయు స్త్రీల మౌనమును

మన యిండ్లలో స్త్రీలు జ్వరము వచ్చిన చెప్పుదురు, తలనొప్పి వచ్చిన చెప్పుదురు. ఋతుసంబంధమగు బాధను మాత్రము చెప్పరు. నెలనెల నెత్తురు మితిమీరి పోయి మొగము పాలిపోయినను, "ఒంట్లో బాగులేదు" అను నొక్క మాటతో దానిని కప్పిపుచ్చుట తరతరములుగా మర్యాదయని యెంచబడుచున్నది. ఈ మర్యాద యెంత నష్టకరమో తెలిసికొనుటకు నెల్లూరు తీరపు బిడ్డ యొకరు ప్రసిద్ధికి దెచ్చిన మందుయొక్క చరిత్ర చాలును. దాని పేరు లోధ్ర.

కె. ఎన్. కేసరిగారు 1875లో ఇనమనమెళ్లూరున జన్మించిరి. ఆ గ్రామ మిప్పుడు ప్రకాశము జిల్లాలోనిది. కాని 1904లో గుంటూరు జిల్లా యేర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే చేరియుండెను. పేదకుటుంబమున బుట్టిన కేసరిగారు బాల్యముననే చెన్నపట్టణము చేరి, వైద్యము నభ్యసించి, కేసరికుటీరమును స్థాపించిరి. అచట తయారైన మందులలో స్త్రీరోగములకని ప్రకటింపబడిన లోధ్ర ఆంధ్రదేశమంతట పేరుగాంచెను. 1928లో వారు నెలకొల్పిన గృహలక్ష్మి మాసపత్రిక స్త్రీలచేత చదివించుటయేగాక వ్రాయించెను. ఆ మందు ప్రకటనలను గూడ ఇంటింటికి జేర్చెను.

ఈ మందున కంతటి ఆదరణ యేల కలిగెను? ఆ కాలమున స్త్రీవైద్యులు మిక్కిలి అరుదు. పురుషులకు మొగము చూపని స్త్రీలకొరకు మేరీ షార్లీబు దొరసాని 1885లో చెన్నపట్టణమున ఆసుపత్రి నెలకొల్పినది నిజమే. కాని సముద్రతీరపు పల్లెలోని యిల్లాలికి చెన్నపట్టణ మెంత దూరము! ఊరి వైద్యుడు పురుషుడు. అతనితో చెప్పుకొనుటకు సిగ్గు. సీసాలోని మందు ప్రశ్న లడుగదు. ప్రకటన స్త్రీరోగమును అచ్చులోని కెక్కించినది. ఆ రోగము నెవరికిని చెప్పకయే మందు పుచ్చుకొను వీలును గూడ కల్పించినది. ఇది మేలును అయ్యెను, కీడును అయ్యెను.

ఇక శాస్త్ర మేమనుచున్నది? లోధ్రమనగా మన లొద్దుగ చెట్టు. దాని పట్ట వగరు. చరకసంహిత దానిని నెత్తురు నిలుపు ద్రవ్యములలో లెక్కించినది. పూర్వుల యనుభవము తృణీకరింపదగినది కాదు. అది పరీక్షకు ప్రేరణము. కాని ప్రేరణమే పరీక్ష కానేరదు. ఋతుశూల సాధారణముగా రెండుమూడు దినములలో తనంతట తానే తగ్గును. ఆ దినములలో పుచ్చుకొన్న మందున కెల్ల కీర్తి దక్కును. కావుననే కొందరికి మందును, కొందరికి మందువలె కనబడు వట్టి పదార్థమును ఇచ్చి పోల్చి చూడవలెను. అట్టి పరీక్షలు 27టిని కోక్రేన్ సంఘమువారు 2016లో పరిశీలించిరి. శొంఠికి మూలమగు అల్లము, మెంతులు నొప్పిని కొంత తగ్గింపవచ్చునని సూచనలు కనబడినవి. అయినను దేనికిని దృఢమైన నిదర్శనము లేదని వారు తేల్చిరి. లొద్దుగపట్టపై జంతువులయందు పరీక్షలు జరిగినవేగాని స్త్రీలయందు జరిగినవి స్వల్పము. జపానుదేశమున ఒకామోతో దంపతులు 1962లో వెల్లడించిన ట్రానెక్సామిక్ ఆమ్లము అట్లు గాదు. అది యధికస్రావమును తగ్గించునని పలు పరీక్షలలో రుజువైనది. ఆ దంపతులలో ఉతాకోగారు స్త్రీయగుట మనము గమనింపదగినది.

కేసరిగారు 1953లో గతించిరి. మరుసటి సంవత్సరమే, 1954లో, భారత పార్లమెంటు చేసిన చట్టము స్త్రీల ఋతుదోషములను కుదుర్చునని మందులకు ప్రకటన లిచ్చుటను నిషేధించెను. ప్రకటనలకు హద్దు లేర్పడెను; మౌనమునకు మాత్ర మేర్పడలేదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల వయసు గల భారతస్త్రీలలో 57 శాతము రక్తహీనులని తేలెను. దీనికి ఆహారలోపము మొదలగు కారణములు పెక్కులు గలవు. అధికస్రావము వానిలో నొకటి.

కావున సోదరీమణులారా, శొంఠికషాయమును మానుమని మేము చెప్పము. కాని స్రావము ఏడు దినములు మించినను, గంటగంటకు గుడ్డ మార్చవలసి వచ్చినను, ముట్లుడిగిన పిమ్మట మరల నెత్తురు కనబడినను, కషాయముతో కాలము గడపక వైద్యురాలిని చూడుడు. అది గర్భాశయములోని గడ్డ కావచ్చును, పుట్టకురుపు కావచ్చును. పురుషులారా, మీ యిండ్లలో ఈ మాట నోట పలుకుటకు సిగ్గులేని స్థితిని కల్పింపుడు. రోగమునకు మొదటి చికిత్స దానిని చెప్పుకొనుటయే.