చేవెళ్ల దారి బోర్డుల్లో తప్పుల చరిత్ర

హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద ముందు మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల వస్తాయి. ఈ రెండు ఊళ్ల దుకాణాల బోర్డుల్లో, గోడరాతల్లో, కరపత్రాల్లో, ఫ్లెక్సీల్లో అక్షరదోషాలకూ వ్యాకరణ దోషాలకూ కొదవ లేదు. రాసినవాడికి చదువు రాదని వాటిని కొట్టిపారేయడం తేలిక, కానీ సరికాదు. ప్రతి కాలానికీ తనవైన తప్పులు ఉన్నాయి. ఎవరు రాశారు, ఏ బడిలో చదివారు, ఏ పనిముట్టుతో రాశారు అన్నదాన్ని బట్టి తప్పు రూపం మారుతూ వచ్చింది. తప్పును జాగ్రత్తగా చూస్తే ఆ బోర్డు ఏ కాలానిదో చాలావరకు చెప్పవచ్చు.

నిజాం పాలనలో 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. కచేరీ, కోర్టు, సర్కారు బడి అన్నీ ఉర్దూలోనే నడిచాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనా భాష కూడా ఉర్దూయే. తెలుగు అక్షరాలు దిద్దుకోవడానికి పల్లెల్లో మిగిలినవి ఖాన్గీ బడులు, అంటే ప్రైవేటు బడులు. వాటికి సర్కారు అనుమతి తప్పనిసరి చేసిన తర్వాత అవీ తగ్గిపోయాయి. 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో నూటికి పదిమందికి కూడా చదువు రాదు. అలాంటి చోట రాసిన ప్రకటనతో పని తక్కువ. అంగడిలో సరుకును కుప్ప పోసి పెట్టడమే ప్రకటన. నలుగురికీ తెలియాల్సిన మాటను డప్పు చాటింపు మోసుకెళ్లేది.

తెలుగుకు జరిగిన ఈ అన్యాయాన్ని ఎదిరించినవారిలో ఈ నేల మనిషి ఒకరున్నారు. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. ఆ ఉద్యమం ఆంధ్ర మహాసభగా ఎదిగాక 1936లో షాద్‌నగర్ సభకు అధ్యక్షత వహించిన కొండా వెంకట రంగారెడ్డిది మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారం. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు పెట్టింది ఆయన పేరే.

ఉర్దూ కాలం బోర్డుల మీద వదిలిన గుర్తు ఊళ్ల పేర్లలో కనిపిస్తుంది. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులను మామూలుగా రాయరు; ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపే వీలు ఆ రాతలో లేదు. ఊరి పేరు ఉర్దూ రికార్డులోకి, అక్కణ్నుంచి ఇంగ్లిషులోకి, తిరిగి తెలుగులోకి వచ్చేసరికి మొయినాబాద్ కొన్నిచోట్ల మోయినాబాద్ అయింది. చిలుకూరు, చిల్కూరు, చిల్కూర్ మూడూ వాడుకలో ఉన్నాయి. ఇంగ్లిషులో ల, ళ ఒక్కటే కావడంతో చేవెళ్ల ఒక్కోసారి చేవెల్ల అవుతుంది. అయితే చేవెళ్ల, చేవెళ్ళ అనే రెండు రూపాల్లో తప్పు ఏదీ లేదు. రెండూ తెలుగు రాతలో ఎప్పటినుంచో ఉన్నవే. వెంకటేశ్వర, వేంకటేశ్వర కూడా అంతే. చిలుకూరు బాలాజీ గుడి ఉన్న ప్రాంతం కాబట్టి దేవుడి పేరు పెట్టుకున్న దుకాణాల మీద ఈ రెండు రూపాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. రూపభేదాన్ని తప్పుగా లెక్కకట్టి దుకాణదారును తప్పుబట్టడం న్యాయం కాదు.

1966 చట్టంతో తెలుగు అధికార భాష అయింది. బడులు పెరిగాయి, చదివేవారు పెరిగారు, బోర్డు రాసే పెయింటరుకు చేతినిండా పని దొరికింది. రేకుకు పూత పూసి, సుద్ద పూసిన దారాన్ని లాగి కొట్టి గీతలు వేసుకుని, ఎనామిల్ రంగుతో అక్షరం రాసి, పక్కన నీడ గీసి, అడుగున తన పేరు చిన్నగా పెట్టుకునేవాడు. ఎండాకాలం గోడల మీద సిమెంటు, విత్తనాలు, సబ్బుల ప్రకటనలు. ఎన్నికలొస్తే పగలూ రాత్రీ పనే. చిత్రకారుడు బాపు అక్షరాల ఒంపు ఈ చేతుల మీదుగానే పల్లె బోర్డుల్లోకి దిగింది.

పెయింటరు చెవితో విన్నదాన్ని రాసేవాడు. అతని తప్పుల్లో ఎక్కువ భాగం ఒత్తక్షరాల దగ్గరే. అచ్చతెలుగు మాటల్లో ఖ, ఘ, ధ, భ వంటి అక్షరాలు లేవు. సంస్కృతం, ఉర్దూల నుంచి వచ్చిన మాటల్లోనే ఉంటాయి. పలుకులో ఆ ఒత్తు చాలామందికి నిలవదు. అందుకే భోజనం ‘బోజనం’, ధరలు ‘దరలు’, అభివృద్ధి ‘అభివ్రుద్ది’ అయ్యాయి. దీనికి తలకిందుల తప్పు ఇంకా ఆసక్తికరం. అవసరం లేనిచోట ఒత్తు చేరుతుంది: విద్య ‘విధ్య’గా, ఆదరాభిమానాలు ‘ఆధరాభిమానాలు’గా మారతాయి. ఒత్తు ఉంటేనే మాట పండితులదన్న భావన దీని వెనక ఉంది. మొదటి తప్పు వినికిడి వల్ల వచ్చింది. రెండోది చదువు మీది గౌరవం వల్ల వచ్చింది. ఆ గౌరవాన్ని చిన్నచూపు చూడకూడదు.

అదే గౌరవం బోర్డుల వ్యాకరణాన్ని కూడా మలిచింది. పత్రికలు వాడుక భాషకు మారిన చాలాకాలం తర్వాత కూడా బోర్డులు గ్రాంథికాన్ని వదల్లేదు. ‘ఇచ్చట అన్ని రకముల ఎరువులు అమ్మబడును’, ‘సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న వాక్యాలు అలా నిలిచిపోయాయి. ఎవరు అమ్ముతారో చెప్పకుండా అమ్మకాన్ని మాత్రమే చెప్పే ఈ కర్మణి వాక్యం తెలుగు నోటికి సహజం కాదు. సంస్కృత, ఇంగ్లిషు రచనల ఛాయలో బలపడింది. అయినా ‘అమ్మబడును’ వ్యాకరణానికి లోబడిన రూపమే, ఎందుకంటే అమ్మడం సకర్మక క్రియ. ‘లభించబడును’, ‘దొరకబడును’ అన్నవి అలా కావు. లభించడం, దొరకడం అకర్మక క్రియలు. వాటికి ‘బడు’ చేరదు. ‘లభించును’ అన్నా, హాయిగా ‘దొరుకుతాయి’ అన్నా సరిపోయేది. బోర్డు అంటే ‘బడును’తో ముగియాలన్న అలవాటు క్రియ స్వభావాన్ని మింగేసింది.

దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. దాని కింద 1990లో చేసిన నిబంధనలు పేరు బోర్డు తెలుగులో ఉండాలని, ఇతర భాషలు వాడితే తెలుగు కింద ఉండాలని చెప్పాయి. లిపిని కోరిన నిబంధన మాటను కోరలేదు. దాంతో ఇంగ్లిషు పేర్లు తెలుగు లిపిలోకి దిగాయి. ఎలక్ట్రికల్స్-ఎలెక్ట్రికల్స్, ఇంజనీరింగ్-ఇంజినీరింగ్, టిఫిన్-టిఫెన్ లాంటి జంటలు అప్పటినుంచి పెరిగాయి. ఈ మాటలకు తెలుగులో ఒక స్థిరమైన రాత ఏర్పడకముందే బోర్డులు లేచాయి. ఎరువుల దుకాణాల్లో ‘ఫర్టిలైజర్స్’, ‘పర్టిలైజర్స్’ రెండూ కనిపించడానికి ఫ పలకని నోరు మరో కారణం.

1990లలో కరపత్రాలు, పెళ్లిపత్రికలు, దుకాణాల బిల్లు పుస్తకాలు సీసపు అచ్చుల నుంచి కంప్యూటరుకు మారాయి. అచ్చుకూటంలో కూర్పు ఒకరు చేస్తే ప్రూఫ్ మరొకరు దిద్దేవారు. డీటీపీ దుకాణంలో ఆ రెండు పనులూ ఒకే మనిషి మీద పడ్డాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్ల వంటి యూనికోడ్ కాని ఖతులతో పని జరిగేది. వాటిలో అక్షరం, గుణింతం, వత్తు విడివిడి ముక్కలు. కంటికి సరిగా కనిపిస్తే చాలు, ఏ ముక్క ముందు కొట్టారన్నది యంత్రం అడగదు. అక్షరానికి ఎడమవైపు చుట్టుకునే క్రారవడిని ముందే కొట్టేయడం మామూలైంది. కాగితం మీద తేడా తెలియలేదు. ఆ పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ‘రాష్ర్టం’, ‘వస్ర్తాలు’, ‘శాస్ర్తి’ బయటపడ్డాయి. రాష్ట్రం, వస్త్రాలు, శాస్త్రి అని చక్కగా పలికే మనిషి చేతిలోనే ఈ తప్పు పుడుతుంది. ఇందులో నోటి దోషం గానీ చదువు దోషం గానీ లేదు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో వచ్చినా, అచ్చు దుకాణాలు పాత ఖతులను చాలాకాలం వదల్లేదు.

2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చి పెయింటరు పనిని వేగంగా తగ్గించింది. బహిరంగ ప్రదేశాలను వికృతం చేయడాన్ని నిషేధిస్తూ 1997లో వచ్చిన చట్టం గోడరాతలను అప్పటికే కట్టడి చేసింది. రేకు బోర్డు రాయడానికి రోజు పట్టేది. యజమాని పక్కనే నిలబడి ఒక్కో అక్షరం చూసుకునేవాడు. తప్పు పడితే కిరోసిన్ గుడ్డతో తుడిచి మళ్లీ రాయించేవాడు. ఫ్లెక్సీ గంటలో తయారవుతుంది, తప్పు పడితే మొత్తం మళ్లీ అచ్చు వేయాలి. ఒకే నమూనా ఫైలులో పేరు మార్చి పదిమందికి ఇవ్వడంతో ఒకచోట పడ్డ తప్పు పదిచోట్ల నిలిచింది. నష్టం జరిగింది ఇక్కడే. అక్షరాన్ని రెండోసారి చదివే మనిషి ఈ పని నుంచి తప్పుకున్నాడు.

ఈ దారిలో తప్పు బరువు అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది భూమి ప్రకటనల్లో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కాపుదల కోసం 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు, చేవెళ్ల మండలంలో కొన్ని ఇందులోకి వచ్చాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుని, ఔటర్ రింగ్ రోడ్డు మొదటి భాగం వాడుకలోకి వచ్చాక, ఫామ్‌హౌస్‌లు, తోట స్థలాల ప్రకటనలు రోడ్డంతా పరుచుకున్నాయి. ప్లాట్ అంటే స్థలం, ఫ్లాట్ అంటే అపార్టుమెంటులో ఇల్లు. రెండింటికీ మధ్య తేడా ప కింది చిన్న గీత. నోట్లో ఫ, ప ఒక్కటైనచోట ఆ గీత ఎటైనా పోవచ్చు. అపార్టుమెంటు కట్టే వీలే లేని పొలం పక్కన ‘ఫ్లాట్లు అమ్మబడును’ అని ఉంటే ఊరివారు స్థలమనే అర్థం చేసుకుంటారు. దూరం నుంచి డబ్బు పంపేవారికి ఆ వెసులుబాటు లేదు. గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 40 గుంటలు. ఈ లెక్కలో ఒక మాట మారితే ధర పూర్తిగా మారిపోతుంది.

2016 రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకటనను పూచీగా మార్చింది. నమోదు సంఖ్య, రెరా వెబ్‌సైటు చిరునామా ప్రకటనలో ప్రముఖంగా ఉండాలి. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. దుకాణం బోర్డుల నిబంధనలో ఇలాంటిదేమీ లేదు. అది తెలుగు ఉండాలంటుంది, ఆ తెలుగు ఎలా ఉండాలో చెప్పదు.

ఇప్పటి ప్రకటన చాలాసార్లు ఫోనులో పుడుతుంది. ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. తెలుగువారు ద పలికేచోట ‘డీహెచ్’, త పలికేచోట ‘టీహెచ్’ రాయడానికి అలవాటు పడ్డారు. యంత్రం వాటిని ధ, థ అనుకుంటుంది. పెయింటరు కాలం నాటి ‘విధ్య’ ఈసారి వేరే దారిలో తిరిగొచ్చింది. ళ, ణ కావాలంటే చాలా పద్ధతుల్లో పెద్ద అక్షరం కొట్టాలి. కొట్టకపోతే ‘కల్యానం’, ‘పెల్లి’ మిగులుతాయి. ఆ వాట్సాప్ మాటనే తెచ్చి ఫ్లెక్సీ ఫైలులో అతికించినప్పుడు మరో తప్పు చేరుతుంది. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెలుగు వత్తులను కలపలేక విడగొట్టి, ‘ప్రత్యేక’ను ‘ప్‌రత్‌యేక’గా అచ్చు వేస్తాయి. కొత్త వెర్షన్లలో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకుంటే వత్తులు మళ్లీ తమ చోటికి చేరతాయి.