సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ రైలు మార్గం

సికింద్రాబాద్ నుంచి కాచిగూడ, ఫలక్‌నుమాల మీదుగా మహబూబ్‌నగర్ చేరే రైలు మార్గం ఇది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పడమటి వైపున సాగుతుంది. నిజాం పాలనలో మీటర్ గేజ్‌గా వేశారు. కాచిగూడ స్టేషన్‌ను 1916లో కట్టారు. విశ్వవిద్యాలయం వెలిసింది 1918లో. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతిలోకి తీసుకుంది.

క్యాంపస్ అంచున రెండు చిన్న స్టేషన్లున్నాయి: ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా. ఉర్దూలో జామియా అంటే విశ్వవిద్యాలయం. తొలినాళ్లలో అక్కడి బోధన ఉర్దూలోనే సాగింది కాబట్టి, ఆ స్టేషన్ పసుపుపచ్చ బోర్డు మీది పేరును ఒక చారిత్రక పత్రంగానే చదవాలి.

1990లలో ఈ మార్గాన్ని బ్రాడ్ గేజ్‌గా మార్చారు. పట్టాల మధ్య ఎడం 1,000 మిల్లీమీటర్ల నుంచి 1,676కు పెరిగింది. అంటే పట్టాలను పక్కకు జరిపితే సరిపోదు. స్లీపర్లు, పాయింట్లు, ఇంజన్లు, పెట్టెలు అన్నీ మారాలి. రెండు గేజ్‌ల మధ్య సరుకు దించి ఎక్కించే బాధ తప్పడమే ఇక్కడి మార్పిడి వల్ల కలిగిన పెద్ద మేలు.

2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల పథకంతో సికింద్రాబాద్–ఫలక్‌నుమా భాగం నగరవాసుల రోజువారీ దారి అయింది. మహబూబ్‌నగర్ వైపు 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణను 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు.

క్యాంపస్‌కు ఆవలి పక్కన, తార్నాకలో, 1957 నుంచి రైల్వే సిగ్నల్, టెలికాం ఇంజినీర్ల శిక్షణ సంస్థ ఇరిసెట్ పనిచేస్తోంది.